పాలు పడని పిల్లి, మా మేనత్త

మా మేనత్త పోయిన కబురు పక్కింటివాళ్ల ఫోనుకు వచ్చింది. నారాయణఖేడ్ నుంచి మా తమ్ముడు చేశాడు. "అత్త పోయిందక్కా. పొద్దున చాయ్ ఇయ్యవోతే లేస్తలేదు. జల్దీ రా," అని పెట్టేశాడు. సంగారెడ్డిలో దొరికిన బస్సెక్కి నేను ఇల్లు చేరేసరికి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఉంచారు. మా వాళ్లలో పోయినవాళ్లను కూర్చోబెట్టే సాగనంపుతారు. నుదుట విభూతి పెట్టారు, మెడలో పూలు వేశారు. బతికుండగా ఆమె ఆ అరుగు మీద కూర్చోగా నేను చూసి చాలా ఏళ్లయింది.

వచ్చిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు. "పాపం, పిల్లిపిచ్చిదే గని మంచి మనిషి." మా నాయన తల ఊపాడు. ఆ మాట, ఆ తల ఊపడం నాకు మింగుడు పడలేదు. ఇది రాయడానికి కారణం అదే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలని నాకూ తెలుసు. కానీ మా అత్త నాకు నేర్పింది వేరు. "కోపం కడుపుల పెట్టుకోకు బిడ్డా. అది అరిగేది కాదు," అనేది. ఇది మా నాయన చదువుతాడు. చదవనీ.

అత్త మా నాయనకు చెల్లెలు. కల్హేర్ దగ్గరి ఊరికిచ్చి పెళ్లి చేస్తే, ఆమె భర్త కామెర్లతో పోయాడు. ఆమె పుట్టింటికి తిరిగొచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. అప్పట్నుంచి మా ఇంటి పొయ్యి ఆమెదే అయింది. మాకు తెలివొచ్చేది ఆమె జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుకే. ఇంటిల్లిపాదికీ, జీతగాళ్లకూ, వచ్చిపోయే చుట్టాలకూ ఆ చేతులే రొట్టెలు కొట్టాయి. మెత్తటి మనిషి కాదు. తిట్టకుండా అన్నం పెట్టింది లేదు, పెట్టకుండా తిట్టిందీ లేదు. మా అమ్మ కాన్పులన్నిటికీ బాలింత పథ్యం ఆమే చూసింది. మా అందరికీ ఉగ్గుగిన్నెతో పాలు పట్టిందీ ఆమే.

పిల్లిని ఇంటికి తెచ్చింది ఆమె కాదు, మా నాయన. ఎనభైల మొదట్లో ఒక ఏడు కందులు బాగా పండాయి. సంచులను ఎలుకలు కొరికి పోస్తుంటే మనూర్ నుంచి ఒక బూడిదరంగు పిల్లికూనను పట్టుకొచ్చాడు. అది ఎలుకలను బాగానే పట్టింది, రోగం వచ్చేదాకా. తర్వాత తిన్నది తిన్నట్టే కక్కేది. కక్కని రోజు నీళ్లలా విరేచనాలు. కొన్నాళ్లు తేరుకునేది, మళ్లీ మొదలయ్యేది. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి గుచ్చుకునేవి. మా అమ్మ జాలిపడి పాలు పోసేది. పాలు తాగిన ప్రతిసారీ అది ఇంకా నీరసపడి మూలకు చేరేది.

ఒకరోజు మా నాయన వంటింటి గడపలో నిలబడి అన్నాడు. "ఎలుకలు వట్టని పిల్లి ఇంట్ల ఎందుకు? యాడన్న ఇడ్సిపెట్టి రమ్మను."

అత్త రొట్టె కొడుతోంది. తల తిప్పలేదు. "రేపు నాకు రొట్టెలు చాతగాకుంటె నన్నేడ ఇడుస్తవ్ అన్నా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం," అని ఆయన వెళ్లిపోయాడు. నాకప్పటికి పదో తరగతి అయిపోయింది, పెళ్లి కాలేదు, ఇంట్లోనే ఉన్నాను. సంబంధం ఏమిటో నాకు తెలిసింది. అక్కడే కూరగాయలు తరుగుతున్న మా అమ్మకూ తెలిసే ఉంటుంది. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది.

మర్నాడు అత్త పిల్లిని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, పశువుల దవాఖానకు నడిచింది. నేను వెంట వెళ్లాను. ఎద్దులు, బర్రెలు పట్టుకొచ్చినవాళ్లు నవ్వారు. అత్త వాళ్ల వంక ఒకసారి చూసింది, నవ్వు ఆగింది. కొత్తగా బదిలీపై వచ్చిన డాక్టరు మాత్రం నవ్వలేదు. పిల్లి పొట్ట నొక్కి చూశాడు, పళ్లు చూశాడు, ఏం పెడుతున్నారో అడిగాడు.

"దీనికి పాలు పడవమ్మా. ఇక చుక్క కూడా పోయకండి. ఈ జబ్బు పూర్తిగా పోతుందని నేను చెప్పలేను. కనిపెట్టుకుని ఉంటే మాత్రం బతుకుతుంది. ఉప్పూ కారం లేకుండా కోడిమాంసం ఉడికించి, కొంచెం కొంచెం పెట్టండి."

"మాది మాంసం ముట్టని ఇల్లు సారూ," అంది అత్త.

"ఇల్లు ముట్టదేమో. అది మాంసం తినే జంతువు కదమ్మా," అన్నాడాయన.

తిరుగుదారిలో బస్టాండు దాటాక, "గా కడుపు దానికి దేవుడే ఇచ్చిండు గద," అంది. అది నాతో అన్న మాట కాదు.

కొట్టం వెనక, ప్రహరీ అవతల మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసింది. మా చేనుకు కూలికి వచ్చే ఒకామె సంతలో కోడిమాంసం తెచ్చి ఇచ్చేది. మొదటిరోజు ఆ వాసనకు అత్త గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. తర్వాత ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చుంది. ఉడికింది చేత్తో మెదిపి, గోరంత అన్నం కలిపి, పిల్లి ముందు పెట్టింది. ఆ తర్వాత తలమీంచి స్నానం చేసి, తడిబట్ట మార్చుకునే ఇంట్లోకి వచ్చింది. వణికించే చలిలో కూడా ప్రతిసారీ అంతే. ఇంటి ఆచారాన్ని ఆమె తప్పింది ఆ ప్రహరీ అవతలే. లోపల ఎవరికన్నా ఎక్కువగా పాటించింది.

విరేచనాలు ఎక్కువైన రోజుల్లో చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు పట్టాలి. పిల్లిని పాత తువ్వాలలో చుట్టి, కాళ్లు బయటికి రాకుండా ఒడిలో బిగించి, ఉగ్గుగిన్నెతో దవడ పక్క నుంచి బొట్టుబొట్టుగా పోసేది. మా అమ్మ చూసి బాధపడింది. "నా పిల్లలు తాగిన గిన్నె అది."

"నీ పిల్లలకు గూడ నేనే పోసిన వదినా," అంది అత్త.

పొద్దున్నే, పిల్లి దొడ్డికి కూర్చునే బూడిద తట్టలోకి తొంగి చూడటం ఆమెకు పూజకన్నా ముందు పని. గట్టిగా ఉంటే ఆ రోజు మమ్మల్ని తక్కువ తిట్టేది. పల్చగా ఉంటే మాంసం మాన్పించి వట్టి గంజినీళ్లు పట్టేది. "మనిషి నోరు బొంకుతది గని కడుపు బొంకది," అనేది. నెలా రెండు నెలల్లో పిల్లి వీపు నిండింది. బొచ్చుకు నిగారింపు వచ్చింది.

అప్పుడు మా నాయన పొయ్యి చూశాడు. కొట్టం వెనక్కి ఎందుకు వెళ్లాడో గాని, ఆయన కేకకు నేనూ అమ్మా పరుగెత్తాం. కుండ పక్కకు పడి ఉంది, రసం మట్టిలో ఇంకిపోతోంది.

"ఏంది గిది? మన ఇంట్ల గీ కూడు వండుతవా? ఎవల్ని అడిగినవ్?"

అత్త లేచి నిలబడింది. "ఇంట్ల వండలే. ఇంటెనక వండిన. దవాఖానల చెప్పిండ్రు, దానికి గిదే పథ్యమని."

"పిల్లి కోసం వంశం మర్యాద తీస్తవా?"

"నువ్వు బీదర్ వోయినప్పుడల్ల తినేది గిదే గద అన్నా. నువ్వు తింటె వోని మర్యాద పిల్లి తింటె వోతదా?"

అందరికీ తెలిసిన సంగతే అది. బీదర్ నుంచి ఆయన తమలపాకులు నములుతూ వచ్చేవాడు, అమ్మ ఏమీ అడిగేది కాదు. కానీ ఎవరూ నోటితో అనలేదు, ఆ రోజు దాకా. ఆయన ముఖం నల్లబడింది.

"ఇగ నువ్వు వంటింట్ల అడుగువెట్టకు. దేవుని గూడు ముట్టకు," అన్నాడు.

"మంచిది," అంది అత్త. వంగి, కుండ ఎత్తి, దులుపుకుంది.

వంటింట్లోకి రావద్దన్నది ఎవరినో ఆయనకు రెండు పూటలకే తెలిసింది. మా అమ్మ కొట్టిన రొట్టెలు ఆయనకు నచ్చలేదు. అన్నం వేళకు కాలేదు. అమ్మ వేళ్లు పెనానికి కాలి బొబ్బలెక్కాయి. నేను చేతనైనంత చేశాను, చేతనైంది తక్కువ. ఆయన తన మాట వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. పిల్లి లేకపోతే చెల్లెలు పొయ్యి దగ్గరికి వస్తుందని లెక్క వేసుకున్నాడు. అత్త మాంసం తెచ్చిచ్చే ఆ కూలామె ఇంటికి వెళ్లిన సమయం చూసి, జీతగాడితో పిల్లిని గోనెసంచిలో కట్టించి, నాగల్‌గిద్ద అవతల వదిలి రమ్మని బస్సెక్కించాడు.

జీతగాడు అత్త ముఖం చూసి అబద్ధం చెప్పలేకపోయాడు. ఆమె ఏడవలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, గంప తీసుకుని, "వస్తవా?" అని నన్నడిగింది. నాయన అరుగు మీదే ఉన్నాడు. మేమిద్దరం ఆయన ముందు నుంచే వెళ్లాం.

నాగల్‌గిద్ద దాటి బస్సు దిగాం. కంది చేలు మనిషెత్తు పెరిగి, పూత మీద ఉన్నాయి. ఆ పిల్లికి పేరు లేదు. అత్త గట్టు వెంట నడుస్తూ, "పిల్లా, ఓ పిల్లా," అని పిలిచింది. ఆమె గొంతు పెద్దది. ఎండ తలమీదికొచ్చింది, వాలింది. ఒక గుడిసె ముందు కూర్చున్న ముసలమ్మ ఆ పిలుపు విని లేచి నిలబడింది. ఎవరి ఆడపిల్లో తప్పిపోయిందనుకుంది.

"యార మగళవ్వా?" అని కన్నడంలో అడిగింది.

"మగళు కాదవ్వా, బెక్కు," అంది అత్త. బిడ్డ కాదు, పిల్లి.

ముసలమ్మ నవ్వలేదు. "ఇల్లే ఐతి నోడవ్వా," అని, ఇక్కడే ఉంది చూడమంటూ తన పశువుల పాక చూపించింది. లోపల గడ్డి మీద పిల్లి పడుకుని ఉంది. ముసలమ్మ అంతకుముందే దయగా గిన్నెడు పాలు పోసింది, ఫలితం గడ్డి నిండా కనిపిస్తూనే ఉంది. అత్త ఆమెకు దండం పెట్టి, అదే నోటితో పాలు పోసినందుకు తిట్టింది. తర్వాత కూర్చుని, తన కొంగు తడిపి దాని ఒళ్లు తుడిచింది.

ఇంటికొచ్చాక ఆమె అరుగు ఎక్కలేదు. నేరుగా కొట్టం పక్క గదిలోకి వెళ్లి, గంప దింపి, నాయన వినేలా అంది. "ఇయ్యాలటి సంది నా పొయ్యి వేరే."

అక్కడే ఉండిపోయింది. ఊళ్లోవాళ్లకు తిరగలిలో కందులు విసిరిపెట్టి తన జొన్నలు తాను తెచ్చుకుంది. పిల్లి ఆమె చేతుల్లో చాలా ఏళ్లు బతికింది. వానలు పడితే రోగం తిరగబెట్టేది, మళ్లీ తువ్వాల, మళ్లీ గంజినీళ్లు. నయం కాదని తెలిసిన రోగానికి విసుక్కోకుండా చేసింది. అది పోయాక మా అమ్మ రోజూ మధ్యాహ్నం ఆ గదికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. నా పెళ్లై, ఉద్యోగం వచ్చి నేను వెళ్లిపోయాక కూడా ఆ ఇద్దరూ అలా కూర్చునేవారట. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు.

ఇది పిల్లిపిచ్చి అయితే, దీనికి సరైన పేరు ఇంకేముందో నాకు చెప్పండి.

ఆమెను చేనుకు తీసుకుపోతుంటే ఆడవాళ్లు రావద్దన్నా వెళ్లాను. మా తాత, నానమ్మల సమాధుల పక్కన జాగా ఉంది. మా నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడ కాదు. గట్టు దిక్కు తవ్వుండ్రి."

"ఎందుకు నాయనా?"

"మాంసం ముట్టిన మనిషి."

"అట్లయితె రేపు నిన్నేడ పెట్టాలె?" అన్నాను.

ఆయన చెయ్యి దించలేదు. నా తమ్ముడు నేల చూశాడు. తవ్వేవాళ్లు క్షణం ఆగి, ఆయన ముఖం చూసి, గట్టు వైపు నడిచారు. నల్లమట్టి, గట్టిగా ఉంది. చాలాసేపు పట్టింది. ఆమె రొట్టెలు తిని పెరిగినవాళ్లం అందరం చుట్టూ నిలబడి చూశాం. అన్నకు ఎదురు చెప్పినందుకు చెల్లెలికి చచ్చాక కూడా శిక్ష పడుతుంటే, ఊరు దానికి ఆచారం అని పేరు పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో మా అమ్మ బస్టాండు దాకా వచ్చింది. ఆమె ఎప్పుడూ గడప దాటి సాగనంపే మనిషి కాదు. బస్సు బయలుదేరే ముందు కిటికీ కడ్డీ పట్టుకుని, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"పొద్దున మీ నాయనకు చెప్పిన. నేను వోతె నన్ను గూడ గట్టు దిక్కే పెట్టుండ్రి, మా ఆడిబిడ్డ పక్కన అని."

"ఏమన్నడు?"

"ఏమంటడు. రొట్టె ముందల పెట్టుకొని కూసున్నడు. తినలే."

బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. రేగిన దుమ్ములో జనం మొహాలు తిప్పుకున్నారు. మా అమ్మ తిప్పుకోలేదు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, కళ్లు మూయకుండా అలాగే నిలబడి ఉంది.