పసుపు కింద జర్మనీ గుర్తు

మా చిన్నప్పుడు దసరా నాడు తుపాకికి పసుపు పూసే పని నాదే... నాంపల్లిలో మా ఇంటి హాల్లో అమ్మ కుట్టుమిషను, దాని పక్కన తాతయ్య వేట తుపాకి. రెండింటికీ బొట్లు పెట్టి, దండం పెట్టుకునేవాళ్లం.

తాతయ్య ఒకప్పుడు ఓ జాగీర్దారు దగ్గర గుమాస్తా. ఆ తుపాకి ఆయనిచ్చిందే. "లండన్ మాల్!" అని తాతయ్య వచ్చినోళ్లందరికీ చూపించేవాడు. తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తుపాకిని తెరిచేవాళ్లు లేక తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

పైన పక్కపక్కనే రెండు గొట్టాలు. వాటి కింద సన్నటి బెజ్జం ఇంకొకటి... అది తుడిచే పుల్ల పెట్టుకోవడానికని నాయనమ్మ మాట. ఏటా పూసిన పసుపూ కుంకుమా అందులోకి దిగి గట్టిగా గడ్డకట్టాయి. నాయన పై గొట్టాల్లోకి గొడుగు కడ్డీ దూర్చి చూసి, "ఖాళీగనే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఎన్ని దసరాలు ఆడుకున్నామో!

చెల్లె స్వరూప పులి. బియ్యం డబ్బా వెనక నక్కి గాండ్రించేది. నేను తుపాకిని స్టూలు మీద ఆనించి, వెనకున్న ఇనుప కొక్కేన్ని బొటనవేలితో లాగిపెట్టి, మీట నొక్కేదాన్ని. టక్! పులి నవ్వుకుంటూ చచ్చిపోయేది.

తుపాకి పైన ఎప్పుడూ కదలని ఓ చిన్న గుండీ ఉండేది. ఓ దసరాకి దానికి కొబ్బరినూనె రాసి, బలమంతా పెట్టి ముందుకు తోశాను. ఎప్పట్లాగే పులికి గురిపెట్టి మీట నొక్కితే ఈసారి చప్పుడు మొద్దుగా వచ్చింది... మంచంలో తాతయ్య "ఊ... ఊ..." అంటూ చెయ్యి పరుపుకేసి కొట్టుకున్నాడు. వేట గుర్తొచ్చి సంబరపడుతున్నాడనుకున్నాం.

ఆ చలికాలమే తాతయ్య పోయాడు. లైసెన్సు నాయన పేరుకి మార్చాలంటే ఫారంలో 'ఏ దేశం తయారీ' అని ఒక గడి నింపాలి. నాయన తుపాకిని దుప్పట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని రిక్షాలో ఆబిడ్స్ వెళ్లాడు. అక్కడ తుపాకులు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు.

"లండన్‌దని రాసియ్యున్రి ఉస్తాద్, గంతే" అన్నాడు నాయన.

ఉస్తాద్ గొట్టాల కింది చెక్క ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. చిన్న కిరీటం బయటపడింది. దాని కింద ఇంగ్లీషు 'జి' అక్షరం.

"లండన్ గాదు సాబ్... జర్మనీ. గీ ముద్ర లోపల మెలికలు తిరిగిన గీతలు చెక్కిన గొట్టానికే ఏస్తరు. పై రెండూ నున్నగున్నయి. మరి గీతల గొట్టమేది?"

ఆయన వేలు మెల్లగా పసుపు గడ్డ మీదికి వచ్చి ఆగింది. నా వైపు చూశాడు.

"బిడ్డను జర బయటికి పంపున్రి."

నేను గడప దాటి అక్కడే నిలబడ్డాను. ఉస్తాద్ ఎంతోసేపు నూనె పోసి, తట్టి తట్టి తుపాకిని తెరిచాడు. పై రెండూ ఖాళీ. కింది దాంట్లోంచి చిలుం పట్టిన తూటా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నాయన తల తిప్పి గడప దగ్గరున్న నన్ను చూశాడు.

"పిల్లలు ఆడుకున్నరు ఉస్తాద్... దీంతోనే ఆడుకున్నరు..."

ఉస్తాద్ తూటాని తిప్పి చూపించాడు. వెనక నడిమధ్యన చిన్న సొట్ట.

"ఒకసారి దెబ్బ పడ్డది సాబ్. పాత మందు గాబట్టి పేలలే. గీ పైగుండీ ముందుకు జరిపితేనే కింది గొట్టానికి దెబ్బ పడ్తది. ఎవరు జరిపిన్రు?"

నాయనకి తెలీదు. నాకు తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో నాయన నా చెయ్యి వదల్లేదు. "ఇంట్ల ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నాడు. గడిలో జర్మనీ అని రాసి, తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించేశాడు. మరుసటి దసరాకి కుట్టుమిషను పక్కన పీట ఖాళీ. స్వరూప తుపాకి కావాలని ఏడ్చింది... తాతయ్య ఆ రోజు చెయ్యి కొట్టుకున్నది సంబరంతో కాదని, అందులో తూటా ఉందని చెప్పడానికేనని నాకప్పటికి అర్థమైంది.

ఉస్తాద్ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మేం కారుకీ లాప్‌టాప్‌కీ బొట్లు పెడుతున్నాం. మీ ఇళ్లల్లో దసరా పీట మీద ఏముండేవి? రాయండి, చదువుకుంటాను.

స్వరూపా... ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు. ఆ సొట్ట నేను పెట్టిందే. ఇది చదివినంక ఒక్కసారి ఫోన్ చెయ్యవే చెల్లే, నీ గొంతు వినాలి.