పొగగొట్టం చల్లబడేదాకా

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం బస్సు తప్పిపోయి, మణుగూరులో దొరికిన బండి ఎక్కాను. పాత జీపుకు లారీ డీజిల్ ఇంజను బిగించి, వెనక తొట్టి కట్టించిన బండి అది. డ్రైవరు పేరు నేను అడగలేదు. అడవిలో గుట్ట ఎక్కగానే ఒక కాలిబాట పక్కన నిలిపాడు గానీ, ఇంజను ఆపలేదు.

"ఆపెయ్యవా?" అన్నాను విసుగ్గా.

"గుట్టెక్కి పొగగొట్టం కాలిపోతున్నది సార్. గిప్పుడే ఆపితే వేడి లోపల్నే ఉంటది. జరసేపు స్లోల తిరిగితే సల్లబడ్తది."

సీసాలోని నీళ్లు దాని మీద చిలకరించాడు. చుయ్‌మన్నాయి. కాసేపాగి మళ్లీ చిలకరిస్తే చప్పుడు లేకుండా జారిపోయాయి. అయినా అతను కదల్లేదు. కాలిబాట వైపే చూస్తున్నాడు.

"చల్లబడింది కదా?"

"అవ్ సార్, బండి సల్లబడ్డది. ఈ సప్పుడు ఇని మా ఇంటామె గా బాటెంబడి నీళ్లు తెచ్చేది. పోయిన వానకాలం జరమొచ్చి పోయింది. గిప్పుడు నేనే సీసాల తెచ్చుకుంటున్న. ఇంకొంచెం తిరగనీ సార్."

ఇద్దరం ఆ బాట వైపే చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు నాకూ ఒక బండి ఉంది. ఇల్లు చేరగానే ఇంజను ఆపను. మా ఆవిడ తలుపు తీసేదాకా తిరగనిస్తాను.