అతికిన రాయి

నంద్యాలలో గుండె డాక్టరు దగ్గర ఈసీజీ తీసే అమ్మాయి నా ఛాతీ మీద చల్లని జిగురు పూసిన ప్రతిసారీ నాకు మా నాయన చేతులే గుర్తొస్తాయి. ఆయన ఆళ్లగడ్డలో రాతిశిల్పి. బీటపడిన చోట అతకడానికి లక్క కరిగించి రాతిపొడి కలిపేవాడు. ఎంత కడుక్కున్నా, నాకు అన్నం కలిపి పెట్టే వేళ్లకు కూడా ఆ కమురు వాసన వదిలేది కాదు.

నేను గుండెలో రంధ్రంతో పుట్టాను. ఐదో ఏట మద్రాసులో ఆపరేషన్ చేసి మూసేశారు. తిరిగొచ్చాక ఆ ఎండాకాలమంతా మా పని కొట్టంలో గోనెపట్టా మీద కూర్చుని, ఉలుల టకటకలు వింటూ, అవ్వ నెయ్యి వేసిచ్చిన ఓళిగను కొంచెం కొంచెం కొరుక్కుంటూ, బేతంచెర్ల బండముక్కతో తొక్కుడుబిళ్ల ఆడే పిల్లల్ని చూసి కుళ్లుకునేదాన్ని. పొద్దుగూకి పని ఆగాక నాయన నా వీపుకు చెవి ఆనించి వినేవాడు. వానలు పడేసరికి ఆయనే నన్ను లేపి, బిళ్ల చేతికిచ్చి, పో, ఆడుకోపో అన్నాడు.

రాయి కొనేముందు సుత్తితో తట్టి, గంటలా మోగితేనే తెచ్చేవాడు. అతికిన రాయిని మాత్రం ఎవరినీ తట్టనిచ్చేవాడు కాదు. దెబ్బ తగిలితే అతుకు వదులుతుందని మా కొట్టాల్లో అందరికీ భయమే. ఏడాదికోసారి నన్ను తెచ్చి చూపించమని మద్రాసు డాక్టరు చెప్పి పంపాడట. ఏడాది తిరిగేసరికి అమ్మ ప్రయాణానికి సంచి సర్దింది. నాయన దాన్ని తీసి అటక మీద పెట్టాడు.

"అతుకు బాగా కూసోనుండాది. మల్లా యాడికో తీస్కపోయి దాన్ని తట్టించేదేందీ?"

అంతే, ఆ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను పెరిగాను, శివరాత్రికి మహానందిలో జనాన్ని తోసుకుంటూ తిరిగాను, పెళ్లై నంద్యాలకొచ్చి ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఇప్పుడు ఆయన్ని తప్పుపట్టే ఓపిక నాకు లేదు. భయపడ్డాడు, పాపం.

నలభై దాటాక మొదలైంది. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడమంటుంది, ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి మళ్లీ తొందరపడుతుంది. మొన్న మిద్దె మీద బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. చిన్నప్పుడు కుట్టిన మచ్చ దగ్గర గుండెను నడిపించే కరెంటు దారి తప్పుతోందని, ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లలో వయసు పెరిగేకొద్దీ ఇది చాలామందికి వస్తుందని డాక్టరు చెప్పింది. సన్నని తీగ లోపలికి పంపి, ఆ చోటు వెతికి కాల్చాలట. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చట. విని విని అలసిపోయాను. అయినా నాయనతో ఒక మాట చెప్పకుండా ఆ బల్ల ఎక్కడానికి మనసొప్పలేదు.

పోయిన వారం ఆళ్లగడ్డ పోయాను. కొట్టంలో ఇప్పుడు ఉలుల చప్పుడు లేదు, కోత మిషన్ల హోరే. ఆ హోరుకే నాయన చెవులు దెబ్బతిన్నాయి. దగ్గరికి పోయి అరిచి చెప్పాను.  ఆయన మిషన్ ఆపించి, నన్ను తిప్పి కూర్చోబెట్టి, వీపుకు చెవి ఆనించాడు.

"నాకేం ఇనపడల్యా అమ్మీ," అన్నాడు కాసేపటికి. "పోదాం పా. వాళ్లనే తట్టి సూడనీ."

అటక మీది ఆ పాత సంచిని చెదలు ఎప్పుడో తినేశాయి, సర్దిన అమ్మ కూడా లేదు. సోమవారం ఆసుపత్రి ప్రయాణానికి నాయనే కొత్త సంచి సర్దుతున్నాడు.