దస్తగిర్ చాచాకు ఒక మంచి మ్యాప్

"లొకేషన్ యాడుంటె గాడికే పోయిన సేటూ. నేనేమన్న మా అత్తగారింటికి పోయిన్నా?"

"పోయినవ్. పొయ్యి తాళమేసిన ఇంటి ముంగట హారన్ కొట్టుకుంట కూసున్నవ్. వాళ్ళేమో ఊరవతల సూట్‌కేసులు పట్టుకొని నిలబడ్డరు. ఆ ఇంటాయన దుబాయ్ నుంచి ఫోన్ చేసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిండు."

"గా తాళమేసిన ఇంటి లొకేషన్ పంపింది నేనా? ఆయననే గదా?"

"నీ ఫోన్ల ఉన్న మ్యాపే అసొంటిది. మంచిది పెట్టుకోమంటె పెట్టుకోవు. ఇది రెండోసారి దస్తగిర్. ఇంకోసారి గిట్లయిందనుకో, బండి తాళం దశరథం చేతిల పెడ్త. తర్వాత నన్ను అనొద్దు."

ఇదంతా మా దుకాణం మెట్ల మీదే జరిగింది. కోరుట్ల బస్టాండుకు కొంచెం ఇవతల సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం మాది. మాది అన్నాను గాని, నేను అందులో జీతగాణ్ణి. జగిత్యాలలో డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చి కూర్చున్నాను. పక్క గదిలో శ్యాంసుందర్ సేటు ట్రావెల్స్ నడుపుతాడు. ఆయన ఏడు సీట్ల బండిని దస్తగిర్ చాచా తోలుతాడు.

సేటు వెళ్లాక చాచా లోపలికొచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు.

"జైపాల్, దీంట్ల మంచి మ్యాప్ ఏసియ్యి బేటా. తప్పు చెప్పనిది."

దుకాణానికి వచ్చేవాళ్లందరూ ఇలాంటివే అడుగుతారు. వేడెక్కని ఫోన్, పగలని గ్లాసు, అయిపోని నెట్టు. నాకు విసుగే. కాని ఆయన చేతిలో బండి తాళం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ తాళం పోతే ఆయన వయసుకు ఇంకో బండి దొరకదని కోరుట్లలో అందరికీ తెలుసు. దశరథం కుర్రవాడు, తక్కువకు తోలుతాడు.

చాచా తండ్రి గిన్నెలకు కళాయి పోసేవాడు. స్టీలు గిన్నెలు వచ్చి ఆ పని పోయింది. చాచా లారీ మీద క్లీనర్‌గా చేరి స్టీరింగ్ నేర్చుకున్నాడు. రషీదాబీతో పెళ్లయిన కొత్తలోనే రియాద్ పోయాడు. అక్కడ ఒక కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, డ్రైవరు పని. పిల్లలను బడికి, ఆడవాళ్లను బజారుకు తిప్పాలి. అద్దంలో వెనక్కి చూడకూడదు. అడగనిదే మాట్లాడకూడదు. తెలియని ఇంటి ముందు దిగి తలుపు కొట్టకూడదు. ఎక్కడికి పోవాలో ఫోనుకు వస్తుంది, అక్కడికి పోయి నిలబడాలి. జీవితంలో సగం అలా గడిపి తిరిగొచ్చాడు. ఒళ్లు కోరుట్లకు వచ్చింది గాని తోలే పద్ధతి అక్కడిదే. దారిలో అద్దం దించి ఎవరినీ ఏమీ అడగడు. అడగమంటే చెమటలు పడతాయి ఆయనకు.

"అక్కడ లొకేషన్ తప్పుంటె పంపినోళ్ళ తప్పు బేటా. ఇక్కడ తోలినోని తప్పు," అంటాడు.

ఆ మధ్యాహ్నం గిరాకీ లేదు. ఇద్దరం బండిలో తిరుగుతూ మ్యాపులు చూడటం మొదలుపెట్టాం. మొదటిది ఎవరి ఫోన్‌లో చూసినా ముందే ఉండేది. దానికి తెలుగు గొంతు పెట్టాను. "వాయువ్యం వైపు బయలుదేరండి," అంది.

"ఏంది బేటా, నేను ఇల్లు కడుతున్ననా, బండి తోలుతున్ననా?"

హిందీకి మార్చాను. దాయే, బాయే అని చెప్పింది. అది ఆయనకు అలవాటే.

రెండోది దేశీది. గుంత వస్తే చెబుతుంది, స్పీడ్ బ్రేకర్ వస్తే చెబుతుంది. జగిత్యాల రోడ్డెక్కాక అది నోరు మూస్తే ఒట్టు. "ఇది మా రషీదాను మించిపోయింది, తియ్యి," అన్నాడు చాచా. మూడోది నెట్టు లేకున్నా నడిచేది. అది మమ్మల్ని నేరుగా చెరువులోకి పొమ్మంది. ఎండాకాలం చెరువు అడుగున బండ్లు పోయే బాట ఒకటుంది, దాన్ని రోడ్డనుకుంది. ఇప్పుడు ఆ బాట మీద నీళ్లున్నాయి, కొంగలున్నాయి.

విసిగిపోయి, సేటు తిట్టు తెచ్చిపెట్టిన ఆ పాత లొకేషన్‌నే మూడింటికీ ఇచ్చి చూశాను. ఏ మ్యాప్ పెట్టి పోయినా అదే తాళమేసిన గేటు ముందు దిగాం. మూడోసారి పోయేసరికి అక్కడి కుక్క మొరగడం కూడా మానేసింది.

"చాచా, మ్యాప్ తప్పు లేదు. లొకేషనే తప్పు."

"నాకెర్కలేదా?"

"మరి ఇంటోళ్ళకు ఒక ఫోన్ కొట్టి అడిగితే అయిపోతది గదా?"

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. "బండి మాట్లాడేది దుబాయ్‌ల ఉన్నాయన. లొకేషన్ పంపేది ఆయననే. ఇంటామె నంబర్ ఇయ్యి అంటే ఎవడిస్తడు? ఎవడో డ్రైవర్‌కు పెండ్లాం నంబర్ ఇస్తరా? నేనుంటె ఇద్దునా?"

నాకు ఒళ్లు మండింది. వాళ్లు అక్కడ గదిలో కూర్చుని, మ్యాపులో పైనుంచి ఇళ్ల కప్పులు చూసి, ఊరు విడిచినప్పుడు ఇల్లెక్కడుందో గుర్తు తెచ్చుకుని వేలు పెడతారు. ఆ తర్వాత ఇక్కడ ఊళ్లు పెరుగుతాయి, వాళ్ల డబ్బులతోనే కొత్త ఇళ్లు లేస్తాయి. గృహప్రవేశం కూడా వీడియో కాల్‌లో చూసినవాళ్లే ఎక్కువ. ఇంటి లోపల టైల్స్ రంగు తెలుసు, ఆ ఇల్లు ఏ మూల ఉందో మ్యాపులో పట్టుకోలేరు. దానికి తిట్లు తినేది ఈయన.

అప్పుడే ఇంకో బుకింగ్ వచ్చింది. గొల్లపల్లి అవతలి ఊరు. మధుకర్ అనే ఆయన షార్జా నుంచి మాట్లాడాడు. భార్య కల్యాణికి సిరిసిల్లలో టెట్ పరీక్ష, సోమవారం పొద్దున. గేటు మూస్తే ఎవరొచ్చినా తెరవరు. ఆలస్యం కావద్దని సేటుకు నాలుగైదు సార్లు చెప్పాడట. సేటు చాచాను పిలిచి తాళం చేతిలో పెడుతూ ఒక్క మాటే అన్నాడు. "ఇదే ఆఖరుది."

చాచా మధుకర్‌కు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, లొకేషన్ ఇంకోసారి మంచిగ సూడు. కొత్త ఇంటిదేనా?" జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది.

సోమవారం నేను కూడా బండెక్కాను. మా దుకాణం పది దాటితే గాని తెరవరు, పైగా ఈ మ్యాపుల గొడవ ఏమవుతుందో చూడకుండా ఉండబుద్ధి కాలేదు. తెల్లవారక ముందే బయలుదేరాం. మొదటి మ్యాప్, హిందీ గొంతు. జగిత్యాల దాటాం, గొల్లపల్లి దాటాం. ఊరి ముందు రోడ్డు పక్కన కొత్త ప్లాట్లు. అక్కడ ఒకామె ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని నిలబడి చెయ్యి ఊపింది.

"చాచా, గామె మనకే ఊపుతున్నది గావచ్చు."

"లిఫ్ట్ అడుగుతున్నదేమో. ఒక్కతే ఉన్నది, ఆపొద్దు," అని ముఖం అటు తిప్పుకున్నాడు. ఫోన్ కూడా "సీధే చలే" అంది. నేరుగానే పోయాం.

ఊళ్లోకి తిప్పి, రైస్‌మిల్లు వెనక సందులోకి దించి, మొక్కజొన్న మక్కలు ఆరబోసిన సిమెంటు కల్లం అంచున ఆపించింది. "ఆప్ అప్నీ మంజిల్ పర్ పహుంచ్ గయే హై," అంది, గమ్యం చేరామని. ముందు చక్రాలు మక్కల మీద ఉన్నాయి. ఇల్లన్నది కనుచూపు మేరలో లేదు.

కాళ్లతో మక్కలు తిరగేస్తున్న ఒక అవ్వ వచ్చి బానెట్ మీద చరిచింది. "ఏందిరా, కండ్లు లేవా?"

చాచా స్టీరింగ్ వైపే చూస్తున్నాడు. నేనే తల బయటపెట్టాను. "అవ్వా, మధుకర్ ఇల్లెక్కడ?"

"దుబాయ్ మధుకరా? గీడ రెండు రూములు కిరాయికి ఉండేటోళ్ళు, ఎన్నటి ముచ్చట. గవి కూలగొట్టి కల్లం జేసిరి. వాళ్ళు రోడ్డు మీద ప్లాట్లల్ల ఇల్లు కట్టుకున్నరు గాదుర. అటుకెళ్ళే గదా మీరొచ్చింది?" అని, వెంటనే, "ఈ లింగవ్వ మక్కలంటె అగ్గువ దొరికినయా? ఎనకకు తియ్యి, మెల్లగ," అంది.

రోడ్డు మీదికి వచ్చేసరికి చెయ్యి ఊపిన కల్యాణి లేదు. పక్కింటాయన పళ్లు తోముకుంటూ చెప్పాడు. బండి ఆగకుండా పోయిందని, చూసీ చూసీ జగిత్యాల పోయే ఆటో ఎక్కిందని. మధుకర్‌కు ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడు. డ్యూటీలో ఫోన్లు లాకర్‌లో పెట్టాలట. చాచా మళ్లీ మళ్లీ అదే నంబర్ నొక్కుతుంటే లాక్కుని స్టాండులో పెట్టాను. "తోలు చాచా."

జగిత్యాల బస్టాండులో వేములవాడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి కల్యాణి కనబడింది. "కల్యాణక్కా, కారు మాది," అని అరిచాను.

ఆమె నన్నూ, నా వెనక బండినీ చూసింది. "గిప్పుడు కనవడ్డనా? చెయ్యి గుంజేదాక ఊపిన. ముసలాయన మొఖం తిప్పుకొని పాయె."

"తప్పయింది బిడ్డా, కూసో. బస్సు కన్న ముందు దించుత," అన్నాడు చాచా, ఆమె వైపు చూడకుండానే.

వేములవాడ దాకా బాగానే పోయాం. అక్కడ సోమవారమంటే జాతరే. గుడికి వచ్చిన కార్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. మ్యాప్ ఆ ముక్కంతా ఎర్రగా చూపించింది. ఎర్రగా ఉందని మాకు కళ్లతోనే కనబడుతోంది. పక్క సందు చూపించింది. అందులోకి పోతే ఎదురుగా ఇంకో మ్యాప్ చూసుకుని వచ్చిన కారు. ఇద్దరు డ్రైవర్లూ ఎవరి ఫోన్ వాళ్లు చూపించుకుంటూ నువ్వు వెనక్కి పొమ్మంటే నువ్వు పొమ్మన్నారు. కల్యాణి హాల్ టికెట్ మీద గేటు మూసే టైమే మళ్లీ మళ్లీ చూసుకుంటోంది.

సిరిసిల్లలో సెంటర్ గేటు మూసి ఉంది. మా కళ్ల ముందు మూయలేదు. మూసి, గొలుసు వేసి, కానిస్టేబులామె కుర్చీ కూడా వేసుకుంది. కల్యాణి గేటు చువ్వలు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. కానిస్టేబులామె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చాచా బండి దిగి, చేతులు కట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరిగొచ్చి బండిలో కూర్చున్నాక మధుకర్ ఫోన్ వచ్చింది. అప్పుడు దొరికింది ఆయనకు తీరిక.

"ఆ, ఐపోయింది పరీక్ష. బయటనే ఐపోయింది... నువ్వు పెట్టిన లొకేషన్ ఎక్కడిదో ఎర్కేనా? మిల్లు ఎన్కది. మనం కిరాయికున్న రూములది. గవి లేవిప్పుడు, మక్కలు ఎండబోసిన్రు... రోజు వీడియోల ఇల్లు చూస్తవు గదా, గది యాడున్నదో ఎర్కలేదా నీకు?" అవతల ఆయన ఏమన్నాడో, ఈమె గొంతు తగ్గింది. "సరె. తిన్నవా? తిను పో."

కాసేపటికి చాచా ఫోన్ మోగింది. బండి స్పీకర్‌కు కలిపి ఉండడంతో సేటు గొంతు బండంతా నిండింది. మధుకర్ ఆయనకు అప్పటికే చెప్పేశాడు. "దస్తగిర్, నాకేం చెప్పకు. వచ్చి తాళం టేబుల్ మీద పెట్టు."

చాచా సరే అనబోయాడు. కల్యాణి వెనక సీటు నుంచి ముందుకు వంగింది. "సేటూ, నేను కల్యాణిని. మీ డ్రైవర్ మీద నాకు కోపమే ఉన్నది, చెయ్యి ఊపితె ఆపలే. గని ఆయన పోయింది మా ఆయన పెట్టిన లొకేషన్‌కే. దశరథం వచ్చినా గా మక్కలల్లకే పోతుండె."

"పొద్దుమీకి మాట్లాడుత," అని సాయంత్రానికి వాయిదా వేసి సేటు పెట్టేశాడు.

తిరుగుదారి పట్టాం. ఆమె ఇంటి ముందు ఆపినప్పుడు చాచా ఫోన్ తీసి, మ్యాపు మీద ఆ చోట వేలు నొక్కి పట్టి, గుర్తు పెట్టుకున్నాడు. దానికి మధుకర్ పేరే పెట్టాడు. కల్యాణి దిగి, ఒక అడుగు వేసి ఆగింది.

"మళ్ళ పరీక్ష పడ్తది గదా. నా నంబర్ రాసుకో, నాకే చెయ్యి."

"నాకియ్యకు బిడ్డా," అన్నాడు చాచా. "రేపు నీ పెనిమిటి అడిగితె ఇద్దరికి మాట. మా ఆమెకియ్యి. రషీదాబీ అని, ఆమె నీకు ఫోన్ జేస్తది." ఆమె ఒక్క క్షణం చూసి, నంబర్ నాకు చెప్పింది. నేను రాసుకున్నాను.

జగిత్యాల దాటాక చాచా బండి పక్కకు ఆపాడు. ఫోన్‌లో ఇంకా ఆ గొంతు ఏదో చెబుతోంది. దాన్ని ఆపేసి నా చేతికిచ్చాడు.

"ఇంకో మ్యాప్ అడగ నిన్ను. ఉన్నవాట్ల రెండు తీసెయ్యి. మా ఇంటికి నడువు. రషీదాకు ఫోన్‌ల లొకేషన్ అందుకునుడు, నాకు పంపుడు నేర్పు. ఇంటామె నంబర్ నాకియ్యరు గని నా ఇంటామెకు ఇస్తరు. ఆమెనే అడుగుతది, అమ్మా నువ్వు నిలబడ్డకాడికెళ్ళే పంపు అని. నేను తాళం పట్టుకొని సేటు ముంగటికి పోకముందే ఆమెకు రావాలె బేటా. పొద్దుగూకకముందే నేర్పు."