నాయన కాలి చిటికెనవేలు

మా నాయనది ధర్మవరంలో గుంట మగ్గం. నలభై ఏళ్లుగా గుంటలోకి కాళ్లు దించి పట్టుచీరలు నేస్తున్నాడు. పదేళ్లుగా షుగరుంది. దాన్ని ఇంటికొచ్చి తిష్ట వేసిన దూరపు చుట్టంలా చూస్తాడు. పోదని తెలుసు, పలకరించడు.

కిందటేడు తొక్కుడు చెక్క గీరుకుని ఎడమకాలి చిటికెనవేలి పక్కన చిన్న పుండయింది. "నొప్పే లేదు, ఇంగ పుండేంది?" అన్నాడు. వేలు ఎర్రగా ఉబ్బేదాకా ఆ వాదనలో మాకెవరికీ తప్పు కనిపించలేదు. నేను మైక్రోబయాలజీలో డిగ్రీ చేశానని ఇక్కడ చెప్పుకోవడం నాకే బాగాలేదు.

హిందూపురం డాక్టరు దగ్గరికి రైల్లో బయల్దేరదీశాను. పెనుకొండ దాటేదాకా వెనక్కి పోదామనే అన్నాడు.

డాక్టరు చీము పరీక్ష చేయించాడు. దొరికింది కొత్త క్రిమేమీ కాదు, అందరి చర్మం మీదా బుద్ధిగా కాపురముండే బాక్టీరియానే. ఆరోగ్యం బాగున్నవాడి జోలికి అది పెద్దగా పోదట. రక్తం సరిగా అందని, స్పర్శ తెలియని కాలు దొరికితే మాత్రం లోపలికి జొరబడుతుందట. ఎముకకు పాకితే వేలు తీసేయాలన్నాడు. ఆ మాట మాత్రం నాయనకు బాగానే తగిలింది.

స్పర్శ ఎంతుందో చూడటానికి నాయనను కళ్లు మూసుకోమని, నైలాన్ దారంతో పాదాన్ని తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. నాయన "ఆ... ఆ... ఆ..." అంటూ ఒక్కటీ వదల్లేదు. డాక్టరు దారం బల్ల మీద పెట్టేశాడు. నాయన "ఆ... ఆ..." అంటూనే ఉన్నాడు. దారం తగిలి కాదు, మగ్గం తొక్కే లెక్కన చెబుతున్నాడని అప్పుడర్థమైంది.

"దారం ఈడుండాదప్పా," అన్నాడు డాక్టరు.

నాయన కళ్లు తెరిచాడు. "పట్టయింటే తెలిసేది సార్. నైలాను మాకు అలవాటు లేదు."

మందులు వాడి, రోజూ కట్టు మారిస్తే నెలన్నరకు పుండు మానింది. వేలు దక్కింది. కానీ ఇకమీదట ఉత్తకాళ్లతో మగ్గం తొక్కకూడదన్నాడు డాక్టరు. చెప్పులతో మగ్గం దగ్గరికి పోవడం మా ఇళ్లలో లేదు. వేలు పోతే పోయింది, ఆ పని మాత్రం చేయనన్నాడు నాయన.

అమ్మ వాదించలేదు. కొత్త కాన్వాసు బూట్లు తెప్పించి, పసుపు కుంకుమ పెట్టి, మగ్గం పక్కనే ఉంచింది.

"ఇవి వీధి మొగం సూడలేదు. చెప్పులెట్లయితాయి? మగ్గం సామానే," అంది.

నాయన బూట్లు తిరగేసి అడుగులు చూశాడు. దుమ్ము లేదని తేలాక వేసుకున్నాడు.

రోజూ సాయంత్రం అమ్మ బూట్లు విప్పించి, షావుకారు చీరలో లోపాలు వెతికినట్టు, వేళ్ల సందుల్లో టార్చి వేసి చూస్తుంది. ఇంతవరకు ఏ వేలినీ వాపసు పంపలేదు.