వణికించిన గొంతు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో, గల్ఫ్ కూలీల మీద రాసిన ఆడియో పుస్తకం వింటున్నాను. చదివే మహానుభావుడు ప్రతి చావుకీ గొంతు వణికిస్తున్నాడు. వెనక వయొలిన్ ఒకటి.

పక్కసీటులోని బురఖా ఆమె, "ఏందప్పా వింటాండావు?" అని అడిగింది. చెప్పాను. ఒక ఇయర్‌ఫోన్ తీసుకుని కాసేపు విని, మొహం చిట్లించి తిరిగిచ్చేసింది.

"వేషాలేస్తాండాడు. మా ఆయన పోయినాడని కువైట్ నుంచి ఫోన్ చేసినాయప్ప ఏడ్వలేదు. మెల్లగా, ఒక్కో మాటా చెప్పినాడు. అందుకే కడదాకా వినగలిగినా. ఇట్లాటోడు చేసుంటే ఫోన్ ఇసిరేసేదాన్ని."

ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆమె దిగాక మళ్లీ పెడితే ఆ గొంతు మీద అసహ్యం వేసింది. ఆపేసి, తర్వాత అచ్చు పుస్తకం తెప్పించుకుని చదివాను. రాసినాయన ఎక్కడా ఏడవలేదు.