మేస్త్రి మెచ్చిన గోడ

లోకంలో నిటారుగా నిలబడ్డ గోడ ఒక్కటీ లేదని మేస్త్రి నమ్మకం. ఎవరింటికి వెళ్ళినా కుశలప్రశ్నల కంటే ముందు, జేబులోంచి దారానికి కట్టిన ఇనుపగుండు తీసి గోడకి వేలాడదీస్తాడు. ఆస్పత్రిలో చేరినా అంతే. నాడి చూడబోయిన డాక్టరుతో, "నా సంగతి సరే, ముందు మీ కిటికీ సంగతి చూసుకోండి" అన్నాడు. ఆ కిటికీ సరిచేశాకే ఇంటికి కదిలాడు.

జనం నవ్వుకునేవారు. కూతురు మాత్రం నవ్వడం మానేసి ఆరు నెలలైంది. బస్సు డ్రైవరైన ఆమె భర్త సెలవుల్లో తన చేతులతోనే వంటింటి గోడ కట్టుకున్నాడు. చుట్టాలంతా చూస్తుండగా మేస్త్రి గుండు వేలాడదీసి, "రెండు వేళ్ళు వాలింది అల్లుడూ" అని తీర్పు చెప్పాడు.

"వాలనీ. నా గోడ ఎవరూ ముట్టుకోవద్దు!"

అంతే, ఒకే ఇంట్లో ఉంటూ మామా అల్లుళ్ళ మధ్య మాటల్లేవు. భోజనాల దగ్గర ఒకరు గోడకేసి, ఒకరు కంచంకేసి చూడటం. చివరికి కూతురే విసిగి తండ్రి పెట్టె సర్దింది. అన్నయ్య దగ్గర దింపేస్తే సరి. వాడిది అద్దె ఇల్లు. ఎంత వంక పెట్టినా తగిలేది ఓనరుకే.

దారిలో వంతెన మరమ్మతని అల్లుడు నడుపుతున్న కారు ఆపేశారు. రెండు గంటలన్నారు. పక్కన గుట్ట మీద ఎవరూ పేరు వినని పాత కోట ఉంటే, ఎండలో కూర్చునే కంటే నయమని ముగ్గురూ ఎక్కారు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ద్వారం దగ్గరే గుండు తీశాడు.

"రాయి మంచిదే. కట్టినవాడు తొందరపడ్డాడు."

"శత్రువులు మీదకొస్తుంటే తొందరపడరా నాన్నా?"

"వస్తే రానీ. మూల మూలలా ఉండొద్దూ?"

బురుజుకి మూడు వంకలు, మెట్లకి నాలుగు పెట్టి, రాజుగారి పడకగదిలో "ఇక్కడ నిద్రెలా పట్టిందో మహానుభావుడికి!" అని నిట్టూర్చాడు. అల్లుడు పదడుగులు వెనకే నడిచాడు.

కోట వెనక కాపలా ముసలమ్మ ఒంటరిగా ఉంటోంది. పొయ్యికి గాలి తగలకుండా, రాలిన రాళ్ళు ఏరి మోకాలెత్తు గోడ పేర్చుకుంది. అది గోడలా లేదు, తాగి ఇంటికొస్తున్న మనిషిలా ఉంది.

"నేనే కట్టానయ్యా. ఎలా ఉంది?" అంది మురిసిపోతూ.

కూతురు చటుక్కున తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, పద వెళ్దాం."

మేస్త్రి గుండు తీయలేదు. గోడని అరచేత్తో నిమిరి, "చాలా బాగుందమ్మా" అన్నాడు.

గుట్ట దిగుతుంటే కూతురికి కడుపు మండిపోయింది. "బుద్ధెరిగాక నీ నోట ఆ మాట వినలేదు. నలుగురిలో మా ఆయన పరువు తీశావు. ఆ వంకరటింకర గోడ బాగుందా?"

"పడితే గడ్డి మీద పడుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. వంక చెప్పేసి మన దారిన మనం పోతే, సరిచేసేదెవరు?"

"మరి కోటకి పెట్టావుగా?"

"కట్టినవాళ్ళు పోయారు. నొచ్చుకునేదెవరు? నీ పొయ్యి మీ ఆయన కట్టిన గోడ కిందే ఉందే తల్లీ."

కూతురు ఆగిపోయింది. "అందుకేనా, నా వంటయ్యేదాకా దానికి వీపు ఆనించి కూర్చునేవాడివి? కాళ్ళకి అడ్డమని రోజూ తిట్టానే!"

"ముట్టుకోవద్దన్నాడుగా. చేత్తో ముట్టుకోలేదు."

"ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా నాన్నా!"

"చెప్పాగా. రెండు వేళ్ళని."

ఆరు నెలలు ఊరికే చేదెక్కిపోయాయి. ఆమెకి ఆయన్ని కౌగిలించుకోవాలో, గుట్ట మీంచి తోసేయాలో తెలియలేదు.

వెనకే వస్తున్న అల్లుడు అంతా విన్నాడు. కారెక్కి, తాళం తిప్పబోయి ఆగి, మామ వైపు తిరిగాడు.

"మామయ్యా, పడగొట్టాలా, నిలబెట్టొచ్చా?"

"నిలబెట్టొచ్చు. మూడు రోజుల పని."

అల్లుడు కారు వెనక్కి తిప్పాడు. మేస్త్రి సంతోషం పట్టలేక, "ఇటుక మాత్రం చాలా బాగా పేర్చావు అల్లుడూ" అన్నాడు.

అల్లుడు ఠక్కున బ్రేకు వేశాడు. "ఏమిటి మామయ్యా, పొగుడుతున్నారు? ఇల్లు ఖాళీ చేసేయమంటారా?"